బిందె మీద పేరు



ఇత్తడి గంగాళం మళ్ళీ ఇంటి హాల్లోకి వచ్చింది, గమనించారా? మా చిన్నతనంలో అది పెరట్లో, నీళ్ళ పొయ్యి దగ్గర మసి పట్టి ఉండేది. ఇప్పుడు ఏ గృహప్రవేశానికి వెళ్ళినా గుమ్మం పక్కనే కనిపిస్తోంది. నిండా నీళ్ళు పోసి, గులాబీ రేకులు తేలవేసి, మధ్యలో ఓ దీపం పెడుతున్నారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. నేను మాత్రం గంగాళం కనబడితే పూలు చూడను, వంగి దాని అంచు చూస్తాను. పక్కవాళ్ళు ఏం పడిపోయిందండీ అని అడుగుతారు. పడిపోయిందేమీ లేదు, పేరు వెతుకుతున్నాను. చాలావాటికి ఉండదు. అవి కొత్తగా కొన్నవో, అంచులు అరగదీసి మెరుగు పెట్టించినవో అయి ఉంటాయి. ఎప్పుడైనా పేరున్నది దొరికితే ఆ ఇంటివాళ్ళని అడుగుతాను, ‘ఈవిడ మీకేమవుతారండీ?’ అని. సగం మంది తెల్లమొహం వేస్తారు.

అమ్మమ్మలు, నాయనమ్మలు మనకి వదిలి వెళ్ళిన వస్తువుల గురించి మాట్లాడమన్నారు నన్ను. కోస్తాలో మామ్మ అంటారు, తెలంగాణలో బాపమ్మ అంటారు, సీమలో అవ్వ అంటారు, జేజి అంటారు. ఎలా పిలిచినా ఆ మనిషి వదిలిపెట్టి వెళ్ళే సామాను దాదాపు ఒకటే: ఒకటో రెండో నగలు, ఓ పట్టుచీర, పాతచీరలు కుట్టిన బొంత, ఓ పెట్టె, వంటింటి గిన్నెలు. ఇందులో అందరి చూపూ ముందు నగల మీదికే పోతుంది. నేను గిన్నెల గురించి చెబుతాను.

పాత ఇత్తడి బిందెనో, కంచు చెంబునో తీసుకుని మెడ దగ్గర వేలితో తడిమి చూడండి. చిన్న చిన్న గుంటలు తగులుతాయి. అవి అక్షరాలు. సామాన్ల కొట్టు అరుగు మీద ఒకాయన కూర్చుని, చిన్న ఉలి, చిన్న సుత్తి పెట్టుకుని, ఒక్కో దెబ్బకి ఒక్కో చుక్క చొప్పున కొట్టేవాడు. మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా, వరసగా చుక్కలు పెట్టుకుంటూ పోతే అందంగానే వచ్చేవి. తలకట్లు ఒక్కటే కొంచెం అటూ ఇటూ పోయేవి. కూలి అక్షరానికి ఇంతని. ఒత్తులకీ దీర్ఘాలకీ వేరే లెక్క ఉండేదో ఏమో గానీ, ఇంట్లో వెంకట సుబ్బలక్ష్మి అనిపించుకున్నావిడ బిందె మీదికి వచ్చేసరికి వెం. సుబ్బలక్ష్మి అయిపోయేది. తర్వాత కరెంటు మిషన్ వచ్చింది. జుయ్యిమంటూ స్టీలు గిన్నె మీద క్షణంలో రాసేసేది. ఆ రాత సన్నం, లోతు తక్కువ, అరిగిపోవడమూ త్వరగానే.

పేరెందుకు చెక్కించేవారంటే, ముచ్చటకి కాదు, అవసరానికి. ఊళ్ళో పెళ్ళంటే వంటకి కావలసిన గుండిగలు, కాగులు, గంగాళాలు, గరిటెలు నాలుగిళ్ళనుంచీ వచ్చేవి. షామియానా కంపెనీలు, క్యాటరింగులూ లేని రోజులు. పెళ్ళి అయిన మర్నాడు పెరడంతా సామానే. ఎవరిది ఎవరికి పంపాలి? అక్షరం వచ్చిన పిల్లని పిలిచి కూర్చోబెట్టి చదివించేవారు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి తొమ్మిదిమందైనా లేరు. అంటే, తన పేరు చెక్కిన బిందెతో జీవితాంతం నీళ్ళు మోసి, ఆ పేరు ఒక్కసారీ చదవలేకపోయిన ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతోమంది. వాళ్ళు బిందెను సొట్టని బట్టి గుర్తుపట్టేవారు.

ఇంకో సంగతి. ఆ తరం ఆడవాళ్ళ పేరు ఇంకెక్కడ రాసి ఉంటుందో ఆలోచించండి. పొలం కాగితాల్లో ఉండదు. అప్పటికి అన్నదమ్ములుంటే పుట్టింటి పొలంలో ఆడపిల్లకి వాటా అనే మాటే లేదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చి తండ్రి స్వార్జితంలో కూతుర్నీ వారసురాలిని చేసింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో 1985 సవరణ దాకా రాలేదు, అదీ అప్పటికి పెళ్ళి కాని అమ్మాయిలకే. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. కలిగిన ఇళ్ళలో పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో ఇచ్చేవారు, నిజమే. మిగతావాళ్ళకి పుట్టిల్లు ఇచ్చిన ఆస్తి అంటే ఒంటిమీది బంగారం, సారెలో వచ్చిన సామాను. తెలంగాణలో ఒడిబియ్యం పోసినప్పుడు పెట్టినవి. అంతే. ఓటర్ల జాబితాలో ఉంటుందిగా అంటారేమో. మొదటి సాధారణ ఎన్నికలప్పుడు, మన వైపు కాదు గానీ ఎక్కువగా ఉత్తరాదిన, సుమారు 28 లక్షలమంది ఆడవాళ్ళ నమోదును కొట్టేయవలసి వచ్చింది. ఎందుకంటే వాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యని, ఫలానావాడి తల్లిని అని మాత్రమే రాయించుకున్నారు.

ఇక వంశవృక్షం. మా ఇంట్లో ఒకటుంది, పెద్దవాళ్ళెవరో శ్రద్ధగా రాసి పెట్టారు. ఏడు తరాల మగపేర్లు. కొమ్మకి కొమ్మ, రెమ్మకి రెమ్మ. మనుషులంతా వాళ్ళలో వాళ్ళే పుట్టుకొచ్చినట్టుంటుంది చూస్తే! ఆ కాగితంలో లేనివాళ్ళందరూ మా అటక మీద ఉన్నారు. బిందె మీద ఒకావిడ, మరచెంబు మీద ఒకావిడ, కంచు గిన్నె మీద ఇంకొకావిడ. పైగా తమాషా ఏమిటంటే, పుట్టింటివాళ్ళు ఇచ్చిన సామాను మీద పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. పెళ్ళితో ఇంటిపేరు మారిపోతుంది, ఒక్కోసారి పేరే మారిపోతుంది. అత్తగారి పేరూ కోడలి పేరూ ఒకటే అయితే కోడలిని వేరే పేరు పెట్టి పిలిచేవారు. బిందె మీద మాత్రం అదేమీ మారదు. తన సొంత ఇంటిపేరుతో, సొంత పేరుతో ఆవిడ అక్కడ అలాగే ఉంటుంది.

మా అమ్మమ్మ ఇంట్లో మంచినీళ్ళ బిందె ఒకటుండేది. శుక్రవారం శుక్రవారం అమ్మమ్మ దాన్ని వేరే ఎవరికీ ఇవ్వకుండా తనే తోమేది. నానిన చింతపండు తొక్కు పిడికిట్లో పట్టుకుని ముందు లోపల, తర్వాత అడుగు, తర్వాత పొట్ట, చివర్న మెడ. చింతపండు తగిలిన చోటల్లా నల్లటి కిలుము చీలి లోపల్నుంచి పచ్చటి గీత వచ్చేది. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి నెమ్మదించేది, అక్షరాల మీద మరీ గట్టిగా రుద్దేది కాదు. నాకు అప్పుడే అక్షరాలు వస్తున్నాయి. కూడబలుక్కుని చదివితే అది మా అమ్మమ్మ పేరు కాదు. ‘అమ్మమ్మా, ఇది నీది కాదా?’ అన్నాను.

‘మా అక్కది లేవే.’

‘నీకు అక్కుందా?’

‘ఉండేదిట. నేను చూళ్ళేదు. ఈ బిందెనే చూశా.’

కొంచెం పెద్దయ్యాక అర్థమైంది. ఆవిడ మా తాతగారి మొదటి భార్య. పురిట్లో పోయింది, బిడ్డా దక్కలేదు. ఏడాది తిరక్కుండా మా అమ్మమ్మని ఆ ఇంట్లో కాలుపెట్టించారు. అప్పటికి వంటింటి నిండా ఆవిడ సామానే. పదిహేనేళ్ళ పిల్ల, చనిపోయిన మనిషి గిన్నెలతో కాపురం మొదలుపెట్టింది. భయం వేయలేదా అంటే, ‘భయమేమిటే, గిన్నెలన్నీ ఎంత పొందిగ్గా సర్దుకుని వెళ్ళిందో తెలుసా!’ అనేది. ఏటా ఆవిడ పేరు చెప్పి ఓ ముత్తయిదువకి భోజనం పెట్టి, చీర, పసుపు, కుంకుమ ఇచ్చేది. ఏ వంశవృక్షంలోనూ మా అమ్మమ్మకీ చోటులేదు, ఆవిడకీ లేదు. కనీసం అమ్మమ్మకి మేమున్నాం. ఆవిడకి ఆ బిందె తప్ప ఎవరూ లేరు.

పేరు పక్కన ఒక సంవత్సరం కూడా ఉంది దాని మీద. అంకె కాదు, ప్రమాది అని. తెలుగు సంవత్సరాలు అరవయ్యేళ్ళకోసారి తిరిగి వస్తాయి కదా. మొన్నటి ప్రమాది 1999లో వచ్చి 2000లో వెళ్ళింది. దానికి ముందుది 1939-40, ఇంకా ముందుది 1879-80. మా అమ్మమ్మ పెళ్ళి ఎప్పుడో తెలుసు కనక మధ్యదే అని తేల్చుకున్నాం. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే పంచాంగం పక్కన పెట్టుకుని లెక్క కట్టండి. అక్షరాలు మరీ అరిగిపోతే కాస్త విభూది పామి, పైపైన గుడ్డతో తుడిచేయండి. గుంటల్లో తెల్లగా నిలబడుతుంది, చదవచ్చు.

నగల గురించి అసలు మాట్లాడకపోతే మీరూరుకోరు. కాసులపేరు తీసుకుందాం. నిజం కాసులైతే అవి ఇంగ్లండు సవరన్లు. ఒక్కొక్కటి ఎనిమిది గ్రాములకి పిసరంత తక్కువ, ఇరవై రెండు క్యారెట్ల బంగారం. 1918లో మన బొంబాయి టంకశాలలో కూడా కొన్నాళ్ళు కొట్టారు వాటిని. మీద విక్టోరియా రాణి బొమ్మో, జార్జి రాజు బొమ్మో, అచ్చయిన సంవత్సరమూ ఉంటాయి. సముద్రాల అవతలి రాణి పేరుంటుంది గానీ ముప్ఫై ఏళ్ళు మెడలో మోసిన మనిషి పేరుండదు. పైగా బంగారం నిలవదు. పెద్దకోడలికీ చిన్నకోడలికీ పంచాలన్నా, మనవరాలికి కొత్త మోడల్ చేయించాలన్నా మూసలోకి పోవలసిందే. తరుగు తీసేస్తారు, మజూరీ వేస్తారు, ‘ఇది మామ్మ కాసులపేరు చెరిపించి చేయించిందే’ అని ఒక తరం చెప్పుకుంటారు. ఆ తర్వాత తరానికి అది ఉత్త గొలుసు.

గిన్నెలో ఇంకోటి కూడా దాగి ఉంటుంది, కొలత. మా ఇంట్లో ఆవకాయ కలిపే రోజున సోల గిన్నె వెతుక్కోవడం పెద్ద పని. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మా వైపు ఈ లెక్క అందరికీ ఒకటే. కానీ ఒక ఊరి మానికా ఇంకో ఊరి మానికా ఒకటి కాదు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి, అరవైల మొదట్లో కిలో, లీటరు తప్పనిసరి అయినప్పుడు అంగట్లో ఆ గొడవ తీరింది. వంటింట్లో తీరలేదు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న ఆవకాయలో కారం, ఆవపిండి, ఉప్పు పాళ్ళన్నీ ఆవిడ సోలతోనే. నిండుగా పోసి అంచు మీద చేత్తో గీసేస్తే ఒక లెక్క, గోపురంలా పోస్తే ఇంకో లెక్క. ఉప్పు గీసెయ్యాలి, కారం గోపురం. ఆవిడ చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, కొట్లో కొన్న కొలత గిన్నెతో కలిపితే ఆ రుచి ఎందుకు రాదని మా పిన్ని చాలా ఏళ్ళు బాధపడింది. ఆ సోల గిన్నె మా పెద్దమ్మ ఇంట్లో పోపులడబ్బాలో గరిటెగా వాడుతుంటే దొరికింది. అప్పుడు అందులో నీళ్ళు పోసి లీటరు కొలతతో సరిచూసి కాగితం మీద రాసి పెట్టారు. మీ అమ్మమ్మ వంటల్లో ఏ ఒక్కటి మీకు కావాలన్నా ముందు చేయవలసింది అదే. ఆవిడ వాడే గిన్నెని కొలవండి. గుప్పెడు అంటే, ఆవిడ గుప్పెట్లో ఎన్ని గ్రాములు పడతాయో తూచండి. నవ్వుతుంది, నవ్వనివ్వండి.

మరి ఇంత సామానూ ఏమైపోయింది? డెబ్భైల్లో, ఎనభైల్లో వీధి వీధికీ స్టీలు గిన్నెలవాళ్ళు వచ్చారు. పాత ఇత్తడికి కొత్త స్టీలు, పాత బట్టలకి స్టీలు, వెండి జరీ ఉన్న పాత పట్టుచీర అయితే ఇంకా మంచిది. చీర కాల్చి వెండి తీసేవారు. మా అమ్మలు ఇచ్చేశారు. వాళ్ళని తప్పుపట్టే ఇప్పటి ధోరణి నాకు నచ్చదు. ఇత్తడి గిన్నెలో పులుసు కాయాలంటే కళాయి ఉండాలి. కొన్ని నెలలకోసారి కళాయి పూసే మనిషి రావాలి. వీధిలో గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊది, నవాసారం చల్లి, తగరం పూసి గుడ్డతో గిర్రున తుడిచేవాడు. పిల్లలకి వినోదమే. కళాయి పోయిన గిన్నెలో మర్చిపోయి పులుపు వండితే మాత్రం ఆ పూటకి ఆ వంట పారబోసుకోవాలి. బిందె ఖాళీదే అయిదారు కిలోలు. రోజూ చింతపండు, బూడిద, గోళ్ళు అరిగేలా తోమడం. స్టీలు వచ్చాక ఆడవాళ్ళకి రోజుకో గంట మిగిలింది. ఆ గంటలో వాళ్ళు చదువుకుని ఉండచ్చు, నిద్రపోయి ఉండచ్చు, రేడియోలో నాటకం విని ఉండచ్చు. ఆ గంట ఏ బిందె కన్నా తక్కువ విలువైంది కాదు.

కాకపోతే బిందెతో పాటు పేరూ వెళ్ళిపోయింది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో, గోదావరి వైపు అజ్జరంలో, అటు జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి, కంచు పని తరతరాలుగా ఉంది. పాత లోహం కరిగించి కొత్త సామాను పోయడం ఈ పనిలో మామూలే. మీరు నిన్న కొన్న దీపపు సెమ్మెలో ఎవరింటి నరసమ్మ, మల్లమ్మ, రత్తమ్మ కలిసిపోయి ఉన్నారో చెప్పలేం.

మా అమ్మ స్టీలు మీద కూడా పేర్లు చెక్కించింది. నోములు, ఉద్యాపనలు, పెద్దకర్మలు, ఇలా గిన్నెలు పంచినవాళ్ళందరూ చెక్కించారు. అందుకే ఇప్పటికీ మన వంటింట్లో మజ్జిగ గ్లాసు మీద ఎవరో దూరపు చుట్టం జ్ఞాపకార్థం అని కనిపిస్తుంది. ఆయన ఎవరో తెలీకుండానే రోజూ ఆయన గ్లాసులో తాగుతాం. మా తరానికి వచ్చేసరికి నాన్‌స్టిక్. దాని మీద ఉలి పెడితే పెనం పాడవుతుంది. ప్లాస్టిక్ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో రాసిన కందిపప్పు అన్న మాట ఒక్కటే మా చేతిరాతగా మిగిలేట్టుంది.

పేరంటే ఇంకో రకంగా కూడా నిలుస్తుంది, మనవరాలికి పెట్టుకోవడం. అది మనకి పాత అలవాటే. అందులో ఓ చిక్కుంది. అత్తగారి పేరు పెట్టుకున్న పిల్లని కోడలు పేరు పెట్టి తిట్టలేదు కదా! అందుకే అసలు పేరు బడి రిజిస్టర్లో ఉండిపోయి, ఇంట్లో అమ్మాజీ, బుజ్జి, చిట్టి, పాపాయి. ఇలాంటి బుజ్జిలు మనలో ఎంతమందో. వాళ్ళలో చాలామందికి తమ అసలు పేరు ఏ ముత్తవ్వదో తెలియదు.

సముద్రం దాటినవాళ్ళ సంగతీ ఉంది. ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో టేకు పెట్టె చూపించి ‘ఇది రంగంది’ అంటారు. రంగం అంటే రంగూను. కూలికీ వ్యాపారానికీ బర్మా వెళ్ళినవాళ్ళు వేలకొద్దీ. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక చాలామంది కొండలూ అడవులూ పడి కాలినడకన వచ్చారు. పెట్టె మొయ్యడం వాళ్ళవల్ల కాదు. కాబట్టి ఇంట్లో రంగం పెట్టె ఉందంటే అది ముందే ఓడలో వచ్చి ఉండాలి, లేదా మనవాళ్ళు అంతకు ముందే తిరిగొచ్చి ఉండాలి. పెట్టె ఉండటంలోనే సగం కథ ఉంది. ఇప్పుడు అమెరికా వెళ్ళే పిల్లలు ఇరవై మూడు కిలోల పెట్టెలో పచ్చళ్ళు, పొడులు సర్దాక ఇంకా చోటుంటే మరచెంబు పెట్టుకుంటున్నారు. ఆ చెంబు మీది తెలుగు అక్షరాలు అక్కడ పుట్టిన పిల్లకి చదవను రాకపోవచ్చు. తన పేరే తనకి చదవను రాని ఆవిడ చెంబు, అంతే దూరంలో ఉన్న పిల్ల చేతికి వెళ్ళింది. చదివి చెప్పేవాళ్ళు మధ్యలో మనమే.

చివరగా ఓ సలహా. పెద్దావిడ ఎదురుగా ఫోను పెట్టి ‘అమ్మమ్మా, నీ జీవితం గురించి చెప్పు’ అంటే ఆవిడకి ఏమీ గుర్తు రాదు. ‘ఏముందే చెప్పడానికి’ అంటుంది. అటక మీంచి ఓ గిన్నె దించి చేతికిచ్చి, ‘ఇది ఎవరిచ్చారు?’ అనండి. ఇచ్చిన మనిషి, ఆ పెళ్ళి, ఆ పెళ్ళిలో అలిగినవాళ్ళు, ఆ ఏడు వచ్చిన వరద, అన్నీ అవే వస్తాయి. అవి ఓ చీటీ మీద రాసి, గిన్నెలోనే పెట్టి మూత పెట్టేయండి. ఇంట్లో చోటు లేదు, అన్నీ దాచలేం అంటారా? నిజమే, రెండు గదుల ఫ్లాటులో గుండిగ ఎక్కడ పెడతాం! దాచుకోలేనిది అమ్మేయండి. అమ్మేముందు ఆ పేరు మాత్రం ఫొటో తీసి, వంశవృక్షం కాగితంలో ఆవిడ ఉండవలసిన చోట రాయండి.

సామాన్ల కొట్ల దగ్గర మిషన్‌తో పేర్లు చెక్కేవాళ్ళు ఇంకా దొరుకుతున్నారు. ఈసారి మీ ఇంటి అమ్మాయికి పెళ్ళి సామాను కొన్నప్పుడు ఒక్క బిందె మీదైనా పొడి అక్షరాలతో సరిపెట్టకుండా ఇంటిపేరు, పేరు, ఊరు, తారీఖు పూర్తిగా చెక్కించండి. కాగితం మీద గుండ్రంగా రాసి ఇవ్వండి, తప్పు పడితే దిద్దడానికి ఉండదు. అక్షరానికి ఎంత అడిగినా బేరమాడకండి.